అంగీ లేని బంట్లు: సీసపు బొమ్మలును మన పూర్వుల సేనలును

చదరంగపు బల్లపై ముందు వరుసలో నిలుచు చిన్న కాయకు మన భాషలో బంటు అని పేరు. ఇంగ్లీషు భాషలో దానిని ‘పాన్’ అందురు. ఆ మాటయు, మన కచేరీలలో కాగితములు మోయువానికి వాడుకైన ‘ప్యూను’ అను మాటయు ఒకే మూలము గలవి. కాలినడకన పోరువాడు అనియే రెండింటికిని తొలి అర్థము. మన ‘బంట్రోతు’ కథయు ఇట్టిదే. ఒకప్పుడు ఈటెయు డాలును పట్టి దొర వెంట నడచిన బంట్రోతు కాలక్రమమున కాగితపు కట్టలు పట్టి అధికారి వెంట నడచువాడయ్యెను. గుఱ్ఱపు దళమున చిన్న నాయకుడగు దఫేదారు కలెక్టరుగారి వాకిట నిలుచు జవాను అయ్యెను. మేము ముప్పదియేండ్లకు పైగా గుమాస్తా కొలువు చేసి, దినమునకు పదిమార్లు బంట్రోతును పిలిచినవారము. ఆ పిలుపు వెనుక ఒక సేన నిలిచియున్నది. ఆ సేనను గూర్చియే ఈ నాలుగు మాటలు.

దానిని మా తలపునకు తెచ్చినది ఒక చిన్న వ్యాపకము. అంగుళము కంటె కొంచెము పొడవైన లోహపు సిపాయి బొమ్మలకు రంగులు దిద్ది, బల్లపై కొండలు, చెఱువులు, చేలు అమర్చి, పూర్వము జరిగిన యుద్ధములను పాచికలతోను కొలబద్దతోను మరల ఆడి చూచుట పాశ్చాత్య దేశములలో పెద్దలు సైతము శ్రద్ధతో చేయు పని. ఇపుడిపుడే మన దేశపు పట్టణములలోను కొందఱు దీనిని చేపట్టుచున్నారు. ఉద్యోగ విరమణానంతరము మేమును కుంచె పట్టితిమి. పటాలపు సిపాయికి రంగు వేయుట సులభము. పుస్తకము చూచి వేయవచ్చును. జమీందారు బంటుకు, పాలెగాని కాల్బలమునకు రంగు వేయవలసి వచ్చినపుడే అసలు చరిత్ర మొదలగును.

బొమ్మల సేన పూర్వకథ

బొమ్మల సేనలు నిన్న మొన్నటివి కావు. ఈజిప్టు దేశమున అస్యూతు అను చోట మెసెహ్తి అను అధికారి సమాధిలో కొయ్యతో చేసి వన్నెలు దిద్దిన రెండు దళములు దొరకినవి. ఒక దళమున 40 మంది ఈటెలవారు, రెండవ దానియందు 40 మంది నూబియా దేశపు విలుకాండ్రు. వాని వయస్సు సుమారు 4000 సంవత్సరములు. ఈటెలవారి డాళ్లపై ఆవుతోలు మచ్చలు ఒక్కొక్క డాలునకు ఒక్కొక్క తీరుగ దిద్దబడియున్నవి. మనుష్యుల ఎత్తులు సైతము సమముగా లేవు. ఆ శిల్పి దళమును చూచినంతటితో ఆగక అందలి మనుష్యులను గూడ చూచినవాడని మా అభిప్రాయము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుదుము.

ఇటీవలి కాలమునకు వచ్చినచో, జర్మనీ దేశపు న్యూరెంబర్గు నగరమున 18వ శతాబ్ది ఉత్తరార్ధమున హిల్పెర్టు కుటుంబమువారు తగరముతో పలుచని బొమ్మ సిపాయిలను పోతపోసి అమ్మిరి. 1893లో లండనునందలి బ్రిటన్ కుటుంబమువారు లోపల బోలుగా నుండు సీసపు బొమ్మను పోతపోయు ఉపాయము కనుగొనిరి. లోహము తక్కువ పట్టుటచే వెల తగ్గి, బొమ్మ సిపాయి సామాన్యుల ఇండ్లలో ప్రవేశించెను. వారు అమ్మిన పెట్టెలలో మద్రాసు దేశీయ పదాతి దళపు బొమ్మలును ఉండెను. మన దక్షిణాది సిపాయి ఆ విధముగా లండను పిల్లల ఆటబల్ల నెక్కెను. 1966లో ఆ దేశమున సీసపు ఆటబొమ్మల కాలము ముగిసెను.

ఆట కథ వేఱు. ప్రష్యా దేశమున రైస్‌విట్జ్ అను నతడు 1812లో రాజునకు యుద్ధపు ఆట నొకదానిని సమర్పించెను. అతని కుమారుడు 1824లో దానికి నియమములు వ్రాసి సైన్యాధికారుల శిక్షణకు తగినట్లు దిద్దెను. అందులో బొమ్మలు లేవు, చిన్న దిమ్మలు మాత్రమే. బొమ్మలను, ఆటను ఒక్కచోట చేర్చి ప్రజలలో వ్యాపింపజేసినవాడు హెచ్.జి. వెల్స్ అను ప్రసిద్ధ రచయిత. 1913లో అతడు ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకము ప్రకటించెను. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ వ్రాసిన ‘వార్ గేమ్స్’ అను గ్రంథముతో పెద్దల వ్యాపకముగా ఇది స్థిరపడెను. నేడు 28 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు, ఇంకను చిన్నవిగా 6 మిల్లీమీటర్ల బొమ్మలు సైతము దొరకును.

బొమ్మల కొలువు నెఱిగిన మనకు ఇది వింత కానక్కఱలేదు. ఆంధ్ర ప్రాంతమున సంక్రాంతికిని, తమిళ కన్నడ దేశములలో స్థిరపడిన మన ఇండ్లలో దసరాకును మెట్లపై బొమ్మలు పేర్చుట మన ఆచారమే కదా. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములు అతికి, ముందుగా సున్నపు పూత పూసి, ఆ తెలుపుపై రంగులు దిద్దుదురు. సీసపు సిపాయికి రంగు వేయువాడును మొదట తెల్లని గాని బూడిద వన్నె గాని పూత వేసియే పని ప్రారంభించును. పద్ధతి ఒక్కటే; వస్తువు వేఱు.

ఎఱ్ఱ అంగీ చేసిన పని

యుద్ధమున రంగునకు ఎంత విలువ కలదో తెలిపుటకు మన తెలుగు నేల మీదనే ఒక దృష్టాంతము కలదు. నేటి కాకినాడ జిల్లాలో పిఠాపురమునకు సమీపమున చందుర్తి అను గ్రామము కలదు. ఇంగ్లీషువారు తమ గ్రంథములలో కాండోరు అని వ్రాసిన యుద్ధము 1758 డిసెంబరులో ఇచటనే జరిగెను. ఒక వంక ఫ్రెంచివారు, వారి నాయకుడు కాన్‌ఫ్లాన్స్. రెండవ వంక క్లైవు వంగదేశము నుండి పంపిన కర్నలు ఫోర్డు, అతనికి తోడుగా విజయనగరము రాజా ఆనందగజపతిరాజు. అంతకు పూర్వమే ఆ రాజు ఫ్రెంచివారిపై తిరుగబడి విశాఖపట్టణమును పట్టుకొని ఇంగ్లీషువారికి కబురంపియుండెను. ఫోర్డు వెంట సుమారు 470 మంది ఐరోపావారు, 1900 మంది సిపాయిలు. కాన్‌ఫ్లాన్స్ వద్ద 500 మంది ఐరోపావారు, 6000 మంది సిపాయిలు. రాజుగారి బలము 500 గుఱ్ఱములు, 5000 కాల్బలము.

ఇంగ్లీషు పటాలము నడుమ నిలిచెను. దానికిరువైపుల సిపాయిలు, వారికి ఆవల రాజుగారి బంట్లు. నడిమి పటాలము ముందు నిలువెత్తు చొప్పచేను పెరిగి యుండుటచే ఫ్రెంచివారికి అది కానరాలేదు. వారికి కనబడినది ప్రక్కనున్న సిపాయిల ఎఱ్ఱని అంగీలు. ఎఱ్ఱ అంగీ అనగా ఇంగ్లీషు సోల్జరే యని తలచి, తమ బలమునంతయు ఆ వైపునకు త్రిప్పి నడచిరి. ఆ నడకలో చేనిచాటున నున్న అసలు పటాలమునకు తమ ప్రక్కను ఒప్పగించిరి. చేను వెడలి వచ్చిన పటాలము దగ్గఱ నుండి కాల్పులు జరిపెను. ఫ్రెంచివారి వరుస చెదరెను, విడిది పోయెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట కూడ ఇంగ్లీషువారి వశమయ్యెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము దీనితో అంతరించెను. యానామువంటి చిన్న స్థావరము వారికి మిగిలి, 1954 వఱకు నిలిచినది వేఱు కథ. యానామునందలి మన వారికి చందుర్తి పొరుగూరి సంగతి. తమ ఊరి చరిత్ర ఏల అట్లు నడచెనో అచటి చొప్పచేను కొంత చెప్పగలదు.

ఒక గుడ్డ వన్నె ఒక యుద్ధమున ఇంత పని చేసెను. కావుననే బొమ్మలవారు ఎఱ్ఱ అంగీని గుండీ వఱకు, పట్టీ వఱకు శోధించి దిద్దుదురు. అది యుక్తమే. కాని రాజుగారి 5000 మంది మాట ఏమి? ఆనాటి ఇంగ్లీషు కథనములలో వారికి దక్కిన చోటు స్వల్పము. కొందఱి యొద్ద పనికిమాలిన తుపాకులు, తక్కినవారి యొద్ద ఈటెలు, విల్లులు. పోరు సాగుచుండగా వారు ఎండిన చెఱువు గుంటలో ఒదిగియుండిరి. ఇదియే వారిని గూర్చిన సారాంశము. ఆ కథనములలో ఏ బంటు పేరును లేదు, ఏ తలపాగ వన్నెయు లేదు.

గుమాస్తా కొలువులో మేము నేర్చిన దొక్కటి: పద్దులో ఎక్కని మనిషి సర్కారు కంటికి లేనివాడే. కుంపిణీ సిపాయికి అంగీతోపాటు పద్దును వచ్చెను. పేరు, తండ్రి పేరు, ఊరు, జీతము, గాయము, పింఛను అన్నియు ఎక్కెను. అంగీ లేని బంటుకు సర్కారు పద్దు లేదు. వానిని చిత్రించువారును తక్కువ. తంజావూరు చిత్రకారులలో తెలుగువారు పెక్కుమంది యుండిరి. 18వ శతాబ్ది తుదినుండి వారి కుంచెలు ఇంగ్లీషు దొరల కొఱకు సిపాయిలను, వారి భార్యలను అచ్చముగా దిద్దినవి. వాని మూలమున పటాలపు సిపాయి టోపీ, అంగీ, చల్లడము మనకు నేటికిని తెలియును. దొర అడిగిన దానినే చిత్రకారుడు వ్రాయును. అంగీ లేని బంటును అడిగిన దొరలు అరుదు.

వారెవరు?

ఈ బంట్లు బజారున పోగైన మూక కారు. వారిది ఒక కట్టుబాటు. దొర భూమి నిచ్చును. బంటు ఆ భూమి దున్నుకొని, కబురు వచ్చినపుడు తన ఆయుధముతో, తన గుడ్డలతో, తన సద్దిమూటతో హాజరగును. ప్రాంతమును బట్టి అమరమనియు, ఉంబళి యనియు, మొఖాసా యనియు ఆ భూములకు పేళ్లు. రాయలసీమలో ఇట్టివారిని కట్టుబడి బంట్రోతులనిరి. ఊరి కావలి, బాటల కావలి, పన్ను రాబట్టుటలో సాయము, పొరుగు పాలెముతో పోరు ఇవన్నియు వారి పనులే. నెలజీతము లేదు, ఒకే రీతి దుస్తులు లేవు, కవాతు లేదు.

ఒడిస్సాలో స్థిరపడిన మన వారికి పైకులను గూర్చి చెప్పనక్కఱలేదు. వారి భూమి కట్టుబాటును ఇట్టిదే. 1820 ప్రాంతమున ఒడిస్సాను గూర్చి వ్రాసిన స్టర్లింగు అను అధికారి పైకులలో మూడు తెగలను పేర్కొనెను: పెద్ద డాలును, పొడవైన ఖండా కత్తిని పట్టు పహరీలు, వత్తి తుపాకి పట్టు బణువాలు, విల్లమ్ములు, కత్తియు ధరించు ఢెంకియాలు. పులితోలు టోపీ, పులితోలు చొక్కా, అడవి మృగపు తోకతో చేసిన మొలకట్టు వారి యుద్ధవేషము. ఒంటికి పసుపుపచ్చని మట్టియు, ముఖమునకు సిందూరమును పూసికొనెడివారట. చూచి వ్రాసిన ఒక్క మనిషి యుండుటచే పైకును నేడు మనము సరియైన వన్నెలతో దిద్దగలము.

తమిళదేశమునందలి మన వారి కథ మఱింత దగ్గఱిది. 16వ శతాబ్దిలో మధుర నేలిన విశ్వనాథనాయకుని కాలమున 72 పాలెములు ఏర్పడెనని ప్రసిద్ధి. ఆ పాలెగాండ్రలో పెక్కుమంది తెలుగువారు. వారి వెంట దక్షిణమునకు నడచిన బంట్ల సంతతివారు నేటికిని మధుర, తిరునెల్వేలి, కోయంబత్తూరు ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడుచున్నారు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనాయకుని వంశమును తెలుగు మూలము గలదే. అతనిని 1799 అక్టోబరు 16న కయత్తారులో కుంపిణీవారు ఉరితీసిరి. పడగొట్టిన అతని కోటను 1801లో అతని తమ్ముడు ఊమైదొరయు, వాని మనుష్యులును స్వల్పకాలమున మరల కట్టిరి. 1801 మార్చి 31న ఆ మట్టికోటపై బడిన కుంపిణీ సేన వెనుకకు మరలవలసి వచ్చెను. పెద్ద ఫిరంగులు, క్రొత్త పటాలములు వచ్చిన పిదప మే 24న గాని కోట పడలేదు. ఆ పోరులో స్వయముగా పాల్గొని 1830లో తన జ్ఞాపకములను ప్రకటించిన జేమ్స్ వెల్ష్ అను ఇంగ్లీషు అధికారి పాలెగాండ్ర బంట్ల తెగువను మెచ్చుకొనియే వ్రాసెను.

పిదప ఏమయ్యెను? దత్తమండలములకు 1800 నుండి 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో సుమారు 80 మంది పాలెగాండ్రను లొంగదీసి, వారి బలగములను విడదీసెను. ఉత్తర సర్కారులలో 1802 నాటి శాశ్వత పరిష్కారముతో జమీందారుల సాయుధ బలములకు కాలము చెల్లెను. ఖుర్దాలో పైకుల సేవాభూములు పోగా, 1817లో బక్షీ జగబంధు నాయకత్వమున వారు తిరుగబడిరి. ఆయుధము పోయెను; చాల చోట్ల భూమియు పోయెను. కొందఱు ఊరి తలారులైరి; కొందఱు కుంపిణీలో చేరి ఎఱ్ఱ అంగీ తొడిగిరి; కొందఱు కచేరీ బంట్రోతులైరి; తక్కినవారు నాగలి పట్టిరి. మొదట మేము చెప్పిన ఆ మాట మార్పు వెనుక నున్న సంగతి యిది.

వన్నెల విచారణ

ఇట్టి బంటు బొమ్మ చేతికి వచ్చినపుడు కుంచె ఏ రంగులో ముంచవలెను? అంగడిలో దొరకు సూచన పుస్తకములలో ‘భారతీయ కాల్బలము, నచ్చిన రంగులు వేయవచ్చును’ అని యుండుట తఱచు. అంతటితో కొందఱు ఊదా, గులాబి, మిఱుమిట్లు గొలుపు పచ్చ మొదలగునవి పూసి పెండ్లి ఊరేగింపువలె చేయుదురు. పేదవానికి నచ్చిన రంగు దొరకదు. దొరకిన రంగే నచ్చవలెను. 1758 నాటి పల్లెటూరి బంటుకు ఏయే రంగులు అందుబాటులో నుండెనో విచారించినచో సగము చిక్కు తీరును.

కృత్రిమమైన ఊదారంగును ఇంగ్లండున పెర్కిన్ కనుగొనినది 1856లో. చిరివేరు ఎఱుపును త్రోసివేసిన కృత్రిమపు ఎఱుపు 1869లో కనుగొనబడినది. కృత్రిమపు నీలిమందు బజారునకు వచ్చినది 1897లో. అంతకు పూర్వపు మనిషిపై ఈ మిఱుమిట్లు ఉండరాదు. ఖాకీయు పనికిరాదు, అది 1840ల తుదిని వాయవ్య సరిహద్దున పుట్టినది.

మిగిలినవి మన మొక్కల వన్నెలు. మొదటిది రంగు వేయని ముతక నూలుబట్ట. దానిని పాలవలె తెల్లగా దిద్దుట తగదు. చౌడుతో ఉదికి, చెఱువునీట జాడించి, ఎఱ్ఱమట్టిలో తిరిగిన బట్ట గోధుమపిండి వన్నె నుండి పాతగోనె వన్నె వఱకు నుండును. రెండవది నీలి. క్రొత్తది ముదురు, నాలుగేండ్లు ఉదికినది ఆకాశపు వన్నె. మూడవది చిరివేరు ఎఱుపు. మన కోస్తా అద్దకములకు పేరు తెచ్చినది ఇదే. అది రక్తపు ఎఱుపు గాక ఇటుక వైపునకు మొగ్గును. ఖరీదు గలది గనుక తలపాగకో, అంచుకో, నాయకుని ఉత్తరీయమునకో పరిమితము చేయుట మేలు. నాలుగవది కరక్కాయతో వచ్చు మట్టిపసుపు. ఐదవది బెల్లపునీట తుప్పు ఇనుము నానబెట్టి తీసిన నలుపు. వీనికి తోడు గొఱ్ఱె ఉన్ని కంబళి. దానికి అద్దకము అక్కఱలేదు, గొఱ్ఱె నలుపే దాని నలుపు. ఎండలో అది కొంత గోధుమ వన్నెకు దిగును. షోలాపురములోని మన నేతవారి కుటుంబములలో ఈ వన్నెల మాట పెద్దలనడిగిన ఇంతకంటె ఎక్కువ తెలియవచ్చును.

శరీరపు వన్నె మఱొక సంగతి. ఒకే సీసాలోని ఒకే గోధుమ రంగును అందఱికిని పూయుట తఱచుగా కానవచ్చును. మన ఊరి సంతలో పదిమందిని చూచినచో చామనచాయలోనే నాలుగు తీరులు కనబడును. ఈజిప్టు శిల్పి ఎఱిగిన యీ సంగతి మనము మఱవదగదు.

చేయు తీరు

మన ఇండ్లలోని యువకులు ప్రయత్నింపదలచినచో పద్ధతిని క్లుప్తముగా చెప్పుదుము. బొమ్మకు పోత అతుకులవద్ద సన్నని గీఱ మిగిలియుండును. దానిని చిన్న ఆకురాయితో రాచి, సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. సీసము కలిసిన బొమ్మయైనచో ఆ పొడిని తడిగుడ్డతో ఎత్తివేసి చేతులు కడుగుకొనవలెను, చిన్నపిల్లలకు అందనీయరాదు. పిదప బొమ్మను సీసా మూతపై జిగురుతో నిలిపి, దానినే పిడిగా పట్టి తెలుపు గాని బూడిద గాని తొలిపూత వేయవలెను. ఆరిన తర్వాత మొదట శరీరము, పిదప బట్టలు, చివర ఆయుధములు. లోపలి నుండి వెలుపలికి వచ్చుట నియమము. మనము బట్టలు కట్టుకొను వరుసయే.

మూలరంగులు ఆరిన పిమ్మట ముదురు గోధుమ రంగును నీటివలె పలుచన చేసి పైన పారించినచో మడతలలోనికి దిగి నీడలు తానే ఏర్పఱచును. పొడి కుంచెపై లేతరంగు ఇంచుక తీసికొని మడతల గట్లను తాకించినచో వెలుగు కనబడును. తుదకు మెఱుపులేని వార్నిషు. అడుగున ఇసుక అతికి, కాళ్లకు మోకాలి వఱకు ఎఱ్ఱమట్టి రంగు పూయుట మఱవరాదు. బంటుకు బూట్లు లేవు.

పాలెగాని బంట్ల ఈటెలు మనిషి ఎత్తునకు సుమారు మూడింతలు. 28 మిల్లీమీటర్ల బొమ్మకు ఆ లెక్కన 84 మిల్లీమీటర్ల ఈటె కావలెను. బొమ్మతో వచ్చు మెత్తని ఈటె ఇందులో సగము గూడ నుండదు. దానిని తీసివేసి ఉక్కుతీగ ముక్కనో, సన్నని చీపురుపుల్లనో అమర్చవలెను. ఇట్టి నాలుగు బొమ్మలు ప్రక్కప్రక్కన నిలిపినంతనే మట్టిగోడ ఎక్కవచ్చిన సిపాయికి ఎదురైన దేమో కంటికి కట్టును.

పటాలపు సిపాయిలకు అందఱికిని ఒక రంగును ఒక్కసారే పూసి సాగిపోవచ్చును. బంట్లకు అది కుదరదు. మేము 24 మంది దళమునకు ముందుగా కాగితముపై పట్టిక వ్రాసికొందుము: 14 మందికి రంగు వేయని బట్ట, అందులోను నాలుగైదు ఛాయలు; నలుగురికి నీలి; ముగ్గురికి ఎఱ్ఱని తలపాగ లేక అంచు; ముగ్గురికి నల్లకంబళి. ఒకే వన్నెవారు ప్రక్కప్రక్కన రాకుండ చూతుము. పాత గుమాస్తాకు పట్టిక వేయుట అలవాటే. ఇన్నాళ్లకు ఈ బంట్లు ఒక పద్దున ఎక్కిరను తృప్తియు కలదు.

ఆటలో వారి వెల

ఆట నియమములలో ఇట్టి బలగమునకు సాధారణముగా తక్కువ వెల కట్టుదురు. కొందఱు పడినంతనే పాచిక వేయవలెను. తక్కువ పడినచో దళమంతయు పాఱిపోవును. చందుర్తి కథనము చదివినవారికి ఇది న్యాయముగానే తోచును. మాకు పూర్తిగా సమ్మతము కాదు. చందుర్తిలో ఆ బంట్లు పోరవలసినది తమ ఊరి కొఱకు కాదు, తమ దొర వైరము కొఱకును, పరాయి కుంపిణీ లాభము కొఱకును. ఎదుట ఫిరంగులు, చేత విల్లు, నడుమ బయలు. చెఱువు గుంటలో ఒదుగుట అచట తెలివియే. పాంచాలంకురిచ్చిలో అట్టివారే, అట్టి ఈటెలతోనే, తమ చేత కట్టిన మట్టిగోడ వెనుక నిలిచి కవాతు నేర్చిన సేనను మరలగొట్టిరి. మనిషి మారలేదు, నిలిచిన చోటును, నిలిచిన కారణమును మారినవి.

మన పల్లెల పులిజూదము ఈ సంగతిని ఎన్నడో గ్రహించెను. అందు రెండు పక్షములకు బలము సమానము కాదు. పులి దూకి చంపును. మేకకు చంపు శక్తి లేదు. ఐనను మేకలు ఒకదాని వెనుక నొకటి చోటెఱిగి నిలిచినచో పులికి కదలిక యుండదు. ఆట నియమములు వ్రాయువారు కట్టుబడి బంటుకు బయలున ఒక వెలయు, తన ఊరి గోడ వెనుక మఱొక వెలయు కట్టినచో చరిత్రకు దగ్గఱగా నుండునని మా మనవి.

మన ఇండ్లలో మిగిలినది

ఇది పెద్దల కాలక్షేపము కదా, మన సంఘమునకు దీనితో పని యేమి యని కొందఱు అడుగవచ్చును. మన కుటుంబములలో పెక్కు ఇట్టి బంట్ల వెంటనో, వారికి బట్టలు నేసినవారి వెంటనో, వారి భూముల లెక్కలు వ్రాసినవారి వెంటనో తెలుగు నేల విడిచి వచ్చినవే. బళ్లారి, కోలారు, మధుర, బరంపురము, షోలాపురము, యానాము, ఏ ఊర నున్నను మన రాక కథలో ఒక దొరయో, ఒక పాలెమో, ఒక దండో వినబడును. రాజుల వంశావళులు అచ్చైనవి, కోటల శాసనములు చదివిరి. బంటు గుడ్డ వన్నె మాత్రము ఏ శాసనమునకును ఎక్కదు. అది మిగిలియుండిన మన ఇండ్లలోనే మిగిలియుండవలెను.

కొన్ని ఇండ్లలో దసరా ఆయుధపూజనాడు ఒక పాతకత్తియో, ఈటె మొనయో పెట్టెలోనుండి వెలికివచ్చి కుంకుమ బొట్టు పెట్టించుకొని మరల పెట్టెలోనికి పోవును. దానిని చుట్టిన గుడ్డ ఏది? ఆ కత్తి పట్టినవాని తలపాగ కుడివైపునకు చుట్టెడివారా, ఎడమవైపునకా? ఇంటి ఇలవేల్పు జాతరకు నేటికిని ఏ వన్నె బట్ట కట్టుదురు? మామయ్యలు, నాయనమ్మలు, ముత్తవ్వలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలరు. వారు చెప్పినది చెప్పినట్లుగా, ఊరు, తేదీ వేసి ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు. కత్తి పొడవు కొలిచి వ్రాయుడు. గుడ్డ వన్నె పగటి వెలుగున చూచి వ్రాయుడు. ఆయుధపు ఛాయాచిత్రము తీయునపుడు ప్రక్కన ఒక కొలబద్ద ఉంచుడు.

పిల్లలకు ఊరక చరిత్ర చెప్పిన వినరు. చేతికి ఒక బొమ్మను, ఒక కుంచెను ఇచ్చి ‘ఈ తలపాగకు ఏ వన్నె వేయుదువు?’ అని అడిగినచో వారే నాయనమ్మ యొద్దకు పరుగెత్తుదురు. ఆ ఒక్క ప్రశ్నతో రెండు తరముల నడుమ తెలుగు మాట నడచును. ఇంట తెలుగు వినబడుట నానాటికి తగ్గుచున్న మన వంటి కుటుంబములకు ఇది చిన్న లాభము కాదు. వచ్చు దసరాకు మన కొలువు మెట్లపై ఎఱ్ఱ అంగీ సిపాయి ప్రక్కన గోచిపంచె, నల్లకంబళి, పొడుగాటి ఈటె గల కట్టుబడి బంటు నొకనిని నిలుపుడు. ఎవరీతడని అడిగినవారికి వాని కథ చెప్పుడు.